మిగులు పిల్లల తరగతి

పోయిన చలికాలంలో భోపాల్‌పట్నం నుంచి ఒక కుర్ర ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. తమ బడిలో ప్రతిభావంతులైన పిల్లల కోసం ప్రత్యేక తరగతి మొదలుపెడుతున్నామనీ, దాన్ని నేనే వచ్చి ప్రారంభించాలనీ అడిగాడు. నేనెందుకయ్యా, ఏ కలెక్టరునో ఎమ్మెల్యేనో పిలుచుకోండి అన్నాను. వాళ్ళనూ పిలిచామనీ, వస్తారో రారో తెలియదనీ పాపం నిజాయితీగానే ఒప్పుకుని, "అయినా మేడం, ఈ ఇలాకా మొత్తంలో ప్రతిభ ఉందని సర్కారు గుర్తించిన మొదటి పిల్ల మీరే కదా" అన్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాను. ఆరోగ్యం జాగ్రత్త మేడం అన్నాడు ఆ పిల్లవాడు. నన్ను సర్కారు గుర్తించిన మాట నిజమే. ఎలా గుర్తించిందో తెలిసినవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది నేనూ, మా బుచ్చక్కా. జగదల్‌పూర్‌లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఊరి వైపు పోవడమే తగ్గిపోయింది, ఈ వంకనన్నా అక్కను చూసి రావచ్చని ఒప్పుకున్నాను.

మా ఊరు మద్దేడ్ దాటి భోపాల్‌పట్నం పోయే దారిలో సడక్ దిగి లోపలికి నడిస్తే వస్తుంది. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, అంగట్లో హల్బీ, సర్కారు మనిషి ఎవరైనా వస్తే హిందీ. ఎవరితో ఏ భాష, ఎంతవరకు మాట్లాడాలో మా ఊరి పిల్లలకు తల్లిపాలతో పాటే వచ్చేది. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే అమ్మా, అక్కా గంపలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోయేవాళ్ళు. వాకిలి నిండా ఆ పువ్వే ఎండబోసేవాళ్ళం. ఆ వాసన తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, జుట్టుకీ దుప్పట్లకీ జావ పోసుకునే ఆనపకాయ బుర్రకీ పట్టేసి వానలు పడేదాకా వదిలేది కాదు. మా నాయిన తునికాకులో పొగాకు చుట్టుకుని వాకిట్లో రాయి మీద కూర్చునేవాడు. ఆ చుట్ట కాలినంతసేపూ నోరు తెరిచేవాడు కాదు. ఎవరేం అడిగినా చుట్ట అయిపోయాకే జవాబు. అందుకని ఊళ్ళో ఆయనకు గొప్ప ఆలోచనపరుడని పేరు. ఆయన ఆలోచించేవాడో లేదో మాకు తెలియదు గానీ, వెలిగించిన చుట్టను సగంలో పారేయడం మాత్రం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

మా ఊరివాళ్ళకు ఒక విద్య ఉండేది. సర్కారు తరఫున ఎవరొచ్చి ఏమడిగినా రెండో రకం ఇవ్వడం. అడవికి కాపలా ఉండే నాకేదారు కోడి కావాలని కబురు పెడితే, ఊళ్ళోని మంచి పుంజులన్నీ గంపల కిందికి పోయేవి, గుడ్లు పెట్టడం మానేసిన ముసలి పెట్ట కాళ్ళు కట్టించుకుని బయటికొచ్చేది. సడక్ పనికి గట్టి మనుషుల్ని పంపమంటే దగ్గు తగ్గని బాబాయిలు, మోకాళ్ళ నొప్పుల మామలు ముందు వరసలో నిలబడేవాళ్ళు. దీన్ని మోసమని ఎవరూ అనుకోలేదు, మర్యాద అనుకున్నారు. అడిగినవాళ్ళకు లేదనకుండా ఇచ్చాం, మనకు కావలసింది మనం ఉంచుకున్నాం. తీసుకుపోయేవాళ్ళకూ సంగతి తెలుసు, ముసలి పెట్ట అయినా పులుసుకు పనికొస్తుందని మారు మాట్లాడేవాళ్ళు కాదు.

అలాంటి ఊరికి రాయపూర్ వైపు నుంచి ఒక కుర్ర గురూజీ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఉతికి ఆరేసిన చొక్కాలో గాలి దూరినట్టుండేవాడు. ఊరిని బాగుచేయాలని నిజంగానే నమ్మిన మనిషి. ఆయనకు తెలిసిన తెలుగు మాటలు ఓ నాలుగో ఐదో, అన్నీ తిండికి సంబంధించినవే. వచ్చిన కొన్నాళ్ళకు పైనుంచి ఆయనకొక హుకుం వచ్చింది. ఇంటికి ఒకరు చొప్పున తెలివైన పిల్లల్ని ఏరి విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పాలి. ఏడాది చివర జగదల్‌పూర్ నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడు, నచ్చినవాళ్ళను బీజాపూర్ హాస్టల్‌కు పంపి సర్కారు ఖర్చుతోనే చదివిస్తారు. గురూజీ మురిసిపోయి ఊరి కాపలాదారు కొత్వార్ చేత ఊరంతా చాటింపు వేయించాడు. ప్రతి ఇంటి నుంచీ ఒక్కరు, అందరిలోకీ హోషియార్ పిల్లో పిల్లవాడో, సోమవారం పొద్దున్న బడికి రావాలి.

ఆ సాయంత్రం పటేల్ వాకిట్లో పెద్దవాళ్ళంతా చేరారు. చాటింపులో ఏముందో అందరికీ బాగానే అర్థమైంది, అర్థం కావడమే చిక్కయింది. "ఏంది, హోషియార్ పోరగాండ్లను ఇయ్యాల్నా? ఇస్తె మనకాడ ఏం మిగుల్తది?" అన్నాడు పటేల్. గనుల పనికి తీసుకుపోతారని ఒకరన్నారు, మతం మార్చి పంపిస్తారని ఇంకొకరన్నారు, ఏదీ కాకపోయినా చదువుకున్న పిల్ల మళ్ళీ పేడ ఎత్తదని మా నాయినమ్మ అంది. నాయిన చుట్ట అయిపోయేదాకా వినీ వినీ, ఎప్పుడూ చేసేదే చేద్దామన్నాడు. దానికి అందరి ప్రాణం కుదుటపడింది. గురూజీ మంచివాడు, లేదనకూడదు, కాబట్టి ఇంటికొకరిని ఇద్దాం. ఎవరిని ఇవ్వాలన్నది ఇంటివాళ్ళ ఇష్టం. మా ఇంట్లో ఆ ఇష్టానికి నిమిషం కూడా పట్టలేదు. నాయిన ఇంటికొచ్చి అమ్మతో, శాంతను పంపుదాం, అది ఉన్నా లేకున్నా పని ఆగదు అన్నాడు. ఆ శాంత నేనే. నా ఎదురుగానే అన్నాడు, నేను నొచ్చుకుంటానని ఆయనకు తోచలేదు, నేనూ నొచ్చుకోలేదు, ఎందుకంటే అది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

నిజం చెప్పాలంటే నేను ఎందుకూ కొరగాని పిల్లను. నీళ్ళకు పంపితే సగం కుండతో వచ్చేదాన్ని. అన్నం వార్చమంటే గంజితో పాటు మెతుకులూ పోసేదాన్ని. తొలకరిలో మేకల వెంట పంపితే ఎర్రటి ఆరుద్ర పురుగుల్ని అరచేతిలో పాకించుకుంటూ కూర్చునేదాన్ని, మేకలు పోయి పటేల్ పెసరచేలో పడేవి. నా వల్ల అమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది. బుచ్చక్క నాకన్నా రెండు మూడేళ్ళే పెద్ద. ఆమె చేతిలో అన్నీ తిన్నగా నడిచేవి. సారపప్పు అమ్మడానికి అంగడికి పోతే నాయినను పక్కన నిలబెట్టి సేటుతో తనే హిందీలో బేరమాడేది, అటు తిరిగి హల్బీలో పక్క గంప ముసలమ్మను నవ్వించేది, ఇటు తిరిగి నాయినకు తెలుగులో సైగ చేసేది. బడి మొహం చూడకుండానే అంగట్లోనే లెక్కా మాటా నేర్చేసుకుంది. అలాంటి పిల్లను సర్కారుకు ఇవ్వడమంటే దుక్కిటెద్దును ఇచ్చి దూడను ఉంచుకోవడమే కదా. అక్కను కూడా ఎవరూ అడగలేదు. సోమవారం పొద్దున్న నా తలకు నూనె రాసి, ముక్కు తుడిచి బడికి తీసుకుపోయింది తనే.

బడికి వెళ్ళి చూస్తే మా ఊరి మిగులు సరుకంతా అక్కడే ఉంది. నిలబడి కూడా నిద్రపోగల సోమడు. మూడుసార్లు పిలిస్తే తప్ప పలకని ఒక పిల్లవాడు. చావింట్లో కూడా నవ్వు ఆపుకోలేని ఒక పిల్ల. చెప్పులు ఎప్పుడూ ఒకటే తొడుక్కుని రెండోది ఎక్కడ వదిలాడో తెలియని ఇంకొకడు. మా ఊరివాళ్ళు ఎంత శ్రద్ధగా ఏరారంటే, ఒక్క ఇల్లయినా పొరపాటున మంచి పిల్లను పంపలేదు. గురూజీ మా మొహాలు చూసి మురిసి ముక్కలయ్యాడు. ఆయనకు భోపాల్ నుంచి హిందీలో ఒక చిన్న పుస్తకం వచ్చింది, తెలివైన పిల్లల్ని గుర్తుపట్టడం ఎలా అని. ఆ పుస్తకం ప్రకారం అలాంటి పిల్లలు తమ లోకంలో తాముంటారు, చెప్పిన పని మరిచిపోతారు, చిన్న జీవాల్ని గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటారు, వేళకు పలకరు, నవ్వకూడని చోట నవ్వుతారు. మా అమ్మలు పొద్దున లేచింది మొదలు మమ్మల్ని తిట్టే తిట్లన్నీ ఎవరో పెద్దమనిషి పొగడ్తలుగా మార్చి అచ్చు వేయించినట్టే ఉంది. ఆయన ఆ పుస్తకం చూసుకుంటూ మా దగ్గరికి వచ్చేవాడు, సోమడు గురక పెడుతుంటే లోతుగా ఆలోచిస్తున్నాడని మిగతావాళ్ళను చప్పుడు చేయొద్దనేవాడు. ఊరు మొత్తం ఒకటై చేసిన ఎంపికనూ, పైవాళ్ళు పంపిన పుస్తకాన్నీ పక్కపక్కన పెడితే ఎక్కడా తేడా రాలేదు. ఎవరు ఎవరిని మోసం చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

మాకు విడిగా ఒక బెంచీ వేశారు. మిగతా పిల్లలు గోనెసంచుల మీద కూర్చునేవాళ్ళు. ప్రతిభకు బలం కావాలని మధ్యాహ్నం ఉడకబెట్టిన శనగలు, బెల్లం ముక్క పెట్టేవాళ్ళు, అదీ మాకే. శనగలు మొదలైన వారానికల్లా మా ఊళ్ళో తెలివితేటలు విపరీతంగా పెరిగాయి. పటేల్ భార్య స్వయంగా వచ్చి, మా రెండోవాడు కూడా చెప్పిన మాట వినడు గురూజీ, వాణ్ణి కూడా చేర్చుకోండి అని బతిమాలింది. ఇంటికొకరే అని గురూజీ ఒప్పుకోలేదు. అప్పటికి గనులకు తీసుకుపోతారన్న భయం పోయి, శనగలు పోతున్నాయే అన్న బాధ మిగిలింది. మా నాయిన మాత్రం చలించలేదు, ఇచ్చిన పెట్ట ఎక్కడన్నా మేత దొరికి బతికితే మంచిదే కదా అన్నట్టు ఉండేవాడు.

నా సంగతి వేరు. నన్ను హోషియార్ అని పిలిచిన మొదటి మనిషి గురూజీ. ఆ మాటకు అర్థం ఏమిటో, అది నాకెందుకు వర్తించదో నాకు తెలుసు, అయినా రోజూ వినీ వినీ ఆ మాట కోసం పొద్దున్నే లేవడం మొదలుపెట్టాను. ఆరుద్ర పురుగును పలక మీద గీసి కాళ్ళు లెక్కపెట్టి చూపిస్తే ఆయన దాన్ని తరగతి మొత్తానికి చూపించాడు. అదే పురుగు కోసం ఇంట్లో దెబ్బలు తిన్నాను. అక్షరాలు వచ్చాయి, హిందీ వచ్చింది, కొంచెం కొంచెం లెక్కలూ వచ్చాయి. ఏడాది చివరికి నాకు ఒకటే కోరిక ఉండేది, ఆఫీసరు నన్ను ఎంచుకోవాలి, బీజాపూర్ హాస్టల్‌కు పోవాలి, మళ్ళీ ఆ మేకల దగ్గరికి రాకూడదు. బడి ఒక్కచోటే నన్ను చూసి ఎవరూ నిట్టూర్చేవాళ్ళు కాదు.

తునికాకు కోత మొదలయ్యే ముందు ఒక సాయంత్రం గురూజీ మా ఇంటికొచ్చాడు. ఆఫీసరు వస్తున్నాడు, ఈ పదిహేను రోజులూ శాంతను ఆకుకు తీసుకుపోవద్దని చెప్పడానికి. ఆయనకు తెలుగు రాదు, నాయినకు హిందీ అంతంత మాత్రం, కాబట్టి మధ్యలో నన్ను నిలబెట్టారు. గురూజీ అన్నది నాయినకు చెప్పగలిగాను. నాయిన చుట్ట అయిపోయాక, "తీస్కపొమ్మను. ఆకు కోయమంటె కొమ్మలే ఇరగ్గొడ్తది. ఇంట్ల ఉంటె కూడు దండుగ" అన్నాడు. దీన్ని హిందీలో ఎలా చెప్పాలి? తడిక అవతల బియ్యం చెరుగుతున్న బుచ్చక్క చాట ఆపకుండానే హిందీలో మొదలుపెట్టింది. గురూజీ, ఈ పిల్ల మీ చేతిలో పడ్డాక మా ఇంటికి వెలుగొచ్చిందని మా నాయిన అంటున్నాడు, ఆకు పని ఎంతున్నా మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి అంది. గురూజీ కళ్ళు చెమర్చాయి. నాయినకు దండం పెట్టి, దేశానికి మీలాంటి తండ్రులే కావాలని ఏదో పెద్ద మాట అన్నాడు. అక్క అటు తిరిగి నాయినతో, "సారుకు ఆకలైతున్నదట నాయినా, రెండు గుడ్లు ఉడకబెట్టుమంటవా?" అంది.

గుడ్డు అన్నది గురూజీకి తెలిసిన నాలుగు మాటల్లో ఒకటి. తను గుడ్లు అడగలేదని ఆయనకు తెలుసు. పకపకా నవ్వి, నాయిన నిజంగా ఏమన్నాడో చెప్పమని తడిక వైపు తిరిగి అడిగాడు. అక్క బయటికొచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుని, చెప్పేసింది, కూడు దండుగ అన్నదాంతో సహా. గురూజీ ఆ తర్వాత అక్కతో చాలాసేపు మాట్లాడాడు. లెక్కలడిగాడు, కథలడిగాడు, అంగట్లో ఏం చూస్తావని అడిగాడు. అక్క అన్నిటికీ నిలబడే జవాబు చెప్పింది. ఆయన మొహంలో వెలుగు నాకు బాగా గుర్తుంది, నా పురుగు బొమ్మ చూసినప్పుడు అందులో సగం కూడా లేదు. గుడ్లు తిన్నాక నాయినతో అన్నాడు, ఇంటికి ఒక్కరికే చోటు, శాంత పేరు కొట్టేసి ఈ పిల్ల పేరు రాసుకుంటాను, ఆఫీసరు ముందు దీన్నే కూర్చోబెడతాను, ఇది హాస్టల్‌కు పోతే ఎక్కడికో పోతుంది. ఆ మాటల్ని నాయినకు తెలుగులో చెప్పినది కూడా అక్కే. ఈసారి ఏమీ మార్చలేదు.

నాయిన మరో చుట్ట వెలిగించాడు. అది అయిపోయాక కూడా ఏమీ అనలేదు, చూద్దామన్నట్టు తల ఊపాడు. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం తిండి మానేసి మూలన కూర్చున్నాను. నాకు అక్క మీద కోపం రాలేదు, అసూయా రాలేదు, భయమేసింది. అక్కను పంపితే నేను ఇంటికొస్తాను, మేకలు నావవుతాయి, నా చేతిలో ఇల్లు ఏమవుతుందో నాకే తెలుసు. పంపకపోతే గురూజీ మొహం ఎలా చూడాలో తెలియదు. అక్క ఎప్పటిలాగే పనులు చేసుకుంటూ పోయింది, ఒక్కటే తేడా, ఆ వారంలో నా పలక తీసుకుని రెండు మూడుసార్లు చూసింది.

ఆఫీసరు వచ్చిన రోజు పొద్దున్న అమ్మ అక్కకు తలంటి, పండక్కి దాచిన లంగా కట్టింది. బయలుదేరే ముందు నాయిన అక్కను పశువుల కొట్టం వెనక్కి పిలిచి ఏదో చెప్పాడు. నేను దూరం నుంచి చూశాను, మాటలు వినపడలేదు. బడిలో ఆఫీసరు ఉన్న ఒక్క కుర్చీలో తువ్వాలు పరుచుకుని కూర్చుని, చెమట తుడుచుకుంటూ, మా వరసను ముసలి పెట్టలను చూసినట్టే చూశాడు. గురూజీ ఆగలేక ముందు అక్కనే తీసుకెళ్ళి నిలబెట్టాడు. సాబ్, ఈ పిల్లను చూడండి, బడి గడప తొక్కలేదు, అయినా చూడండి అన్నాడు. ఆఫీసరు హిందీలో నీ పేరేమిటని అడిగాడు. అక్క మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు, ఈసారి గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. అక్క నోరు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తూ తల గోక్కుంది. గురూజీ పక్కన వంగి మెల్లిగా చెప్పమన్నాడు, బతిమాలాడు, చివరికి తెలుగులో వచ్చీరాని మాటల్తో, బుచ్చమ్మా, పేరు, పేరు అన్నాడు. అక్క ఆయన మొహం కూడా చూడలేదు. "ఇదేనా గురూజీ మీరు చెప్పిన వజ్రం?" అన్నాడు ఆఫీసరు హిందీలోనే. వెంట వచ్చిన గుమాస్తా నవ్వాడు, కిటికీల దగ్గర నిలబడ్డ ఊరంతా నవ్వింది. గురూజీ మొహం కత్తివాటుకు నెత్తురు చుక్క లేనట్టు తెల్లబోయింది. పక్కకు తప్పుకోమని అక్క భుజం మీద చెయ్యి వేసి జరిపాడు.

తర్వాత నా వంతు. పేరు గట్టిగా చెప్పాను. నాయిన పేరు, ఊరి పేరు చెప్పాను. లెక్క తప్పు చెప్పాను గానీ అదీ గట్టిగానే చెప్పాను. శభాష్ అన్నాడు ఆఫీసరు. ప్రతిభను కొలిచే పద్ధతి అంతే, నాకు తెలిసి ఇప్పటికీ అంతకన్నా పెద్దగా మారలేదు. బీజాపూర్ హాస్టల్, అక్కడినుంచి జగదల్‌పూర్, ఉద్యోగం, పింఛను, అన్నీ ఆ పూట గట్టిగా మాట్లాడినందుకు వచ్చినవే. అక్క భయపడి బిగుసుకుపోయిందని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పెద్దయ్యాక మాత్రం, కొట్టం వెనక నాయినే నోరు మూసుకోమని చెప్పి ఉంటాడని తేల్చుకున్నాను. మంచి పుంజును గంప కింద దాచడం ఆయనకు అలవాటే కదా. గురూజీకి మరుసటి ఏడాదే బదిలీ అయింది. మా బెంచీలోని సోమడికి తర్వాత ఏదో సర్కారు దఫ్తరులో రాత్రి కాపలా ఉద్యోగం దొరికింది, అతని ప్రతిభకు అక్కడ ఏ లోటూ రాలేదు.

భోపాల్‌పట్నం సభకు నేను వెళ్ళేసరికి బడి గేటు దగ్గర పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టారు. కలెక్టరూ రాలేదు, ఎమ్మెల్యే రాలేదు, తల్లిదండ్రులు మాత్రం పొద్దున్నుంచీ కూర్చున్నారు. వరంగల్ కోచింగులో చేర్చి తెచ్చిన పిల్లలట కొందరు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, మావాడు నిద్రలో కూడా ఎక్కాలు చెబుతాడు మేడం అన్నాడు. పెద్దకూతుర్ని సభకు తెచ్చి రెండోదాన్ని ఇంటి దగ్గర వదిలిన ఒక తల్లిని, చిన్నది ఏం చేస్తుందని అడిగితే, అది మామూలుదే మేడం అని మాట తప్పించింది. అప్పుడు మావాళ్ళు తెలివైన పిల్లల్ని దాచేవాళ్ళు, ఇప్పుడు మామూలు పిల్లల్ని దాస్తున్నారు. ఆ మామూలు పిల్ల మీదే నాకు జాలి కలిగింది. ప్రతిభను గుర్తించడం ఎలా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను ముసలి పెట్ట సంగతీ, శనగల సంగతీ, ఆఫీసరు ముందు మా అక్క నోరు తెరుచుకుని పైకప్పు చూసిన సంగతీ చెప్పాను. సభ కడుపుబ్బ నవ్వింది. నేను రమ్మంటే వచ్చిన అక్క ముందు వరసలో కూర్చుంది, తనూ నవ్వింది. నాకు శాలువా కప్పారు.

మర్నాడు పొద్దున్న అక్క ఇంటి వాకిట్లో ఇద్దరం చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నాం. బావ పోయాక ఇంటిని అక్కే నడుపుతోంది, పొలం, మనవలు, అంగడి, అన్నీ. నిన్న బాగ మాట్లాడినవ్, జనం మస్తు నవ్విండ్రు అంది. ఎత్తిపొడుపు లేదు అందులో. ఎన్నాళ్ళనుంచో అడగని ప్రశ్న అప్పుడు అడిగాను, ఆరోజు కొట్టం వెనకకు పిలిచి నాయిన నిన్ను నోరు మూసుకొమ్మన్నడా అని.

"నాయిననా? నాయిన పొమ్మన్నడు" అంది అక్క. గింజ తీసి పక్కన పడేసింది. "మంచిగ చెప్పు బిడ్డా, నువ్వే పో, శాంతను నేను ఎట్లనో సంబాళిస్త అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్ళు గూడ తిరిగినయ్."

సర్కారుకు జన్మలో మొదటి రకం ఇవ్వని మనిషి ఆరోజు ఇవ్వడానికి సిద్ధపడ్డాడన్నమాట. అంత కాలం నేను ఆయన్ను ఎంత తేలిగ్గా తేల్చేశానో అని సిగ్గేసింది. మరి నువ్వెందుకు చెప్పలేదే అని అడిగాను. అక్క నవ్వింది, ఎప్పుడూ నన్ను ఆటపట్టించే నవ్వే.

"నువ్వు ఇంటికొస్తె ఏం జేస్తవే? మేకలు కాయరాదు, ఆకు కోయరాదు, బువ్వ వండితె మాడ్తది. నాకు ఏదైన చాతనైతది. నీకు ఆ బడొక్కటే చాతనైంది."

అదీ నిజమే. నవ్వి ఊరుకోవలసిందే, కానీ నిన్నటి సభలోని ఆ నవ్వులు నా చెవుల్లోనే ఉన్నాయి. గురూజీ మొహం తెల్లబోయింది కదా, ఊరంతా నవ్వింది కదా, మిగతావాటికి ఊరుకున్నా కనీసం పేరన్నా చెప్పి ఉండొచ్చు కదక్కా, పేరు చెబితే ఏం పోయేది అన్నాను.

"పేరు చెప్తె ఇగ ఆగేదాన్ని గాదు శాంతా. ఆయన ఏమడిగినా నాకు వచ్చు. ఒక్కటి చెప్తె అన్నీ చెప్పేదాన్ని" అంది. తర్వాత, గింజలకు గుజ్జు అంటుకుపోతోందని గొణుక్కుంటూ, నా ముందున్న కుప్పను కూడా తన వైపు లాక్కుంది.